యుద్ధ శకటాల చమురు – ఒక చారిత్రక పరిశీలన

1

యంత్రాల చరిత్రను మన పాఠ్యపుస్తకాలు సాధారణంగా రెండు విధాలుగా చెబుతాయి. ఒకటి మహామేధావుల జీవితకథగా, రెండవది కొత్త యంత్రం పాతయంత్రాన్ని తోసివేసిన తేదీల పట్టికగా. రెండింటిలోనూ లోపించేది ఒక్కటే: ఆ యంత్రాన్ని తయారుచేసినవాడూ, నడిపినవాడూ, దానికింద నలిగినవాడూ. ఈ లోపం ఎంత పెద్దదో తెలియడానికి ఎవరూ చరిత్ర రాయదగినదిగా భావించని ఒక చిన్న వస్తువును తీసుకుంటే చాలు. టాంకు బురుజును తిప్పే గొట్టాలలో, ఫిరంగి ఎదురుదెబ్బను దిగమింగే సిలిండరులో, సైనిక లారీ బ్రేకులలో వుండే ద్రవం అటువంటి వస్తువు. దానికే హైడ్రాలిక్ ఆయిల్ అని పేరు.

సైన్యాలు ఈ నూనెను కొనేముందు ఒక పత్రం రాస్తాయి. దానిని స్పెసిఫికేషను అంటారు. నూనె ఎంత చలిలో ఎంత చిక్కబడవచ్చు, ఎంత వేడికి నిప్పంటుకోవచ్చు, రబ్బరును ఎంతవరకు వుబ్బించవచ్చు, ఉక్కును తుప్పునుంచి ఎన్నాళ్లు కాపాడాలి – ఇవన్నీ అందులో వుంటాయి. పైకి చూస్తే అది వట్టి అంకెల పట్టిక. అంకెలకు వర్గం ఏమిటి, రాజకీయం ఏమిటి అనిపిస్తుంది. కాని ఆ అంకెలలో చాలావాటి వెనుక ఒక ప్రమాదం వున్నది; కొన్నింటి వెనుక శవాలున్నాయి. ఎవరి చావు ఆ పట్టికలో అంకెగా మారింది, ఎవరి చావు మారలేదు అన్నదే ఇక్కడ మనం విచారించవలసిన విషయం.

2

మూసివున్న ద్రవంమీద ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుందనే సూత్రాన్ని 17వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ స్థాపించాడు. ఆ సూత్రం యంత్రంగా మారడానికి నూరేళ్లకు పైగా పట్టింది. 1795లో లండనులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందాడు. ఒత్తిడి పెరిగేకొద్దీ పిస్టన్ చుట్టూ నీరు కారిపోవడం ఆ యంత్రానికి పెద్ద చిక్కు. ఒత్తిడి పెరిగినకొద్దీ తనంతట తానే బిగుసుకునే తోలు పట్టీతో ఆ చిక్కు విడిపోయింది. అది బ్రామా కర్మాగారంలో పనిచేసే హెన్రీ మాడ్స్‌లే చేసినపని అని చెబుతారు. ఆ మాడ్స్‌లే వారానికి 30 షిల్లింగుల జీతం చాలడంలేదు, పెంచమని అడిగితే బ్రామా నిరాకరించాడు. 1797లో అతను బయటికివచ్చి సొంత కార్ఖానా పెట్టుకున్నాడు. పేటెంటుమీద మాత్రం బ్రామా పేరే నిలిచింది.

ఆ తరువాత న్యూకాసిల్‌లో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ 1846లో నీటి ఒత్తిడితో నడిచే క్రేను నిలబెట్టాడు. ఓడరేవుల క్రేనులతో మొదలైన అతని ఎల్స్‌విక్ కర్మాగారం కొద్దికాలానికే ఫిరంగుల కార్ఖానాగా ఎదిగింది. 1871లో న్యూకాసిల్ ఇంజనీరింగ్ కార్మికులు తొమ్మిదిగంటల పనిదినం కోసం నెలలతరబడి సమ్మెచేసినప్పుడు, యజమానుల పక్షానికి నాయకుడు ఈ ఆర్మ్‌స్ట్రాంగే. ఆ సమ్మెలో కార్మికులు గెలిచారు. హైడ్రాలిక్ విద్య ఓడరేవునుంచి ఫిరంగికి నడిచిన దారి పొడుగునా ఇటువంటి సంఘర్షణ వున్నది. దానిని మినహాయిస్తే మిగిలేది సగం చరిత్రే.

యుద్ధానికి నీరు చాలలేదు. నీరు చలికి గడ్డకడుతుంది, ఇనుముకు తుప్పు పట్టిస్తుంది, కదిలే భాగాలకు కందెనగా పనికిరాదు. గ్లిసరిన్ కలిపితే గడ్డకట్టడం కొంత తగ్గుతుంది. రెండవ ప్రపంచయుద్ధంలో కూడా సోవియట్ ఫిరంగుల ఎదురుదెబ్బ సిలిండర్లలో గ్లిసరిన్, నీరు ప్రధానంగా వుండే ‘స్టియోల్’ అనే ద్రవం వాడేవారు. తక్కిన సైన్యాలు క్రమంగా నూనెవైపు మళ్లాయి. 1897 నమూనా ఫ్రెంచి 75 మిల్లీమీటర్ల ఫిరంగి ఆ మార్పులో పెద్ద మైలురాయి. గుండు పేలగానే గొట్టం వెనక్కు జారుతుంది. నూనె సన్నని దారిగుండా దూరి ఆ వేగాన్ని మింగుతుంది; అణగిన గాలి గొట్టాన్ని తిరిగి ముందుకు తోస్తుంది. చక్రాలు కదలవు గనుక ప్రతిసారీ కొత్తగా గురిచూడనవసరం లేదు. నిమిషానికి 15 గుండ్లదాకా పేల్చవచ్చు. మనిషిని చంపే వేగాన్ని ఇన్నిరెట్లు పెంచిన ఈ సాధనంలో అసలు రహస్యం నూనె, దానిని కారనివ్వని బిరడా.

సాహిత్యవిద్యార్థులకు ఇక్కడ ఒక పరిచిత సంఘటన ఎదురవుతుంది. 1894లో డ్రేఫస్ అనే యూదు అధికారిని దేశద్రోహిగా ముద్రవేయడానికి ఆధారంగా చూపిన చీటీలో, శత్రువుకు అందించినట్టు చెప్పిన మొదటి విషయం 120 ఫిరంగి హైడ్రాలిక్ బ్రేకు గురించిన వివరమే. నిజంగా ఫిరంగిదళానికి చెందిన అధికారి రాసివుంటే ‘హైడ్రాలిక్’ అనడు, ‘హైడ్రోన్యుమాటిక్’ అంటాడు అని డ్రేఫస్ పక్షంవారు తరువాత వాదించారు. చీటీ రాసినవాడు ఎస్టర్‌హాజీ. 1898 జనవరి 13న ఎమిలీ జోలా బహిరంగలేఖ ప్రకటించి, శిక్షకు గురై దేశం విడిచిపోవలసివచ్చింది. డ్రేఫస్ నిర్దోషి అని న్యాయస్థానం చెప్పడానికి 1906 దాకా పట్టింది. సైనిక రహస్యం అనే మాట శత్రువునుంచి ఆయుధాన్ని దాచడానికి ఎంత పనికివస్తుందో, సొంత ప్రజలనుంచి అన్యాయాన్ని దాచడానికీ అంతే పనికివస్తుంది.

3

ఇక మన నేలకు సంబంధించిన నూనె సంగతి. మోటారు వాహనాలకు హైడ్రాలిక్ బ్రేకులు 1920ల్లో వ్యాపించాయి. ఆ బ్రేకులలో బిరడాలు సహజ రబ్బరువి. శిలాతైలం, అంటే నేలలోంచి తీసిన పెట్రోలియం నూనె, తగిలితే సహజ రబ్బరు వుబ్బి మెత్తబడి పాడవుతుంది. ఆముదం దానికి హాని చెయ్యదు. ఆముదంలో నూటికి 90 పాళ్లదాకా వుండే రిసినోలిక్ ఆమ్లానికి, తక్కిన వంటనూనెలకు లేని ఒక హైడ్రాక్సిల్ భాగం వున్నది. అందువల్ల ఆముదం పెట్రోలియంలో సరిగా కలవదు, ఆల్కహాలులో బాగా కలుస్తుంది. వట్టి ఆముదం చలికి మరీ చిక్కబడుతుంది కాబట్టి ఆల్కహాలు కలిపి పలచబరిచేవారు. అయితే ఆల్కహాలు ఎక్కువైతే బ్రేకుల వేడికి మరిగి ఆవిరవుతుంది. గొట్టంలో ఆవిరి చేరితే బ్రేకు పట్టదు. చలికి ఓర్చేలా చేస్తే వేడికి ఓర్చదు. వేడికి ఓర్చేలా చేస్తే చలికి ఓర్చదు. ఈ నూనెల చరిత్ర మొత్తంలో ఈ వైరుధ్యం మాటిమాటికీ కొత్తరూపంలో ఎదురవుతుంది.

మొదటి ప్రపంచయుద్ధంలో తిరిగే ఇంజన్ల విమానాలకు కందెన ఆముదమే. బ్రిటిషు కంపెనీ ఒకటి 1909లో తన నూనెకు పెట్టుకున్న ‘కాస్ట్రాల్’ అనే పేరు కూడా ఆముదాన్నిబట్టి వచ్చిందే. యుద్ధంలో గిరాకీ ఎంత పెరిగిందంటే అమెరికా ప్రభుత్వం మనదేశంనుంచి విత్తనం తెప్పించి తన రైతులచేత ఆముదం పండించింది. అప్పటికి ప్రపంచపు ఆముదపు పంటలో భారతదేశానిది పెద్ద వాటా. మనదేశంలో హైదరాబాదు సంస్థానానిది పెద్ద వాటా. నల్లగొండ, మహబూబునగరం జిల్లాల ఎర్రచెలకలలో, వానమీద ఆధారపడి, మరొక పంట నిలవనిచోట ఆముదం నిలిచేది. గొంగళిపురుగు తినగా మిగిలిన గింజలు సాహుకారు కొట్టుకు పోయేవి.

తన బండి ఇరుసుకు ఆముదం రాసుకునే రైతుకు, ఆ గింజల నూనె సముద్రాలు దాటి ఏ యంత్రానికి కందెన అవుతున్నదో తెలియదు. ఆ గింజకు ధర నిర్ణయించే బజారు అతని చేతిలో లేదు. నాగుకు తెచ్చుకున్న ధాన్యం, దొరకు చెయ్యవలసిన వెట్టి, పటేలు పట్వారీల లెక్క – ఇవే అతనికి తెలిసిన అర్థశాస్త్రం. 1946-51 మధ్య తెలంగాణా సాయుధపోరాటానికి పెద్ద కేంద్రాలలో నల్లగొండ ఒకటి. ఆముదంవల్లనే పోరాటం వచ్చిందని అనడం హాస్యాస్పదం. కాని ప్రపంచ యుద్ధయంత్రానికి కందెన అందించిన నేల, తన రైతుకు ఎండిన ఇరుసునే మిగిల్చిందన్నది మాత్రం చారిత్రక సత్యం. సైనిక స్పెసిఫికేషన్లలో ఆముదానికి ఎన్ని పరీక్షలున్నా, దానిని పండించినవాడి బతుకును కొలిచే పరీక్ష ఒక్కటీ లేదు. నేడు ఆముదపు పంటకు గుజరాతు ప్రధానకేంద్రం. తెలంగాణాలో సాగు బాగా తగ్గిపోయింది.

4

ఆముదం పోయి శిలాతైలం రావాలంటే ముందు రబ్బరు మారాలి. నూనెకు చెడని నైట్రైల్ రబ్బరును 1930ల్లో జర్మనీలో ఐ.జి. ఫార్బెన్ సంస్థ రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేశారు. ఆ విజ్ఞానం గొప్పదే. కాని అదే సంస్థ యుద్ధకాలంలో మరొక కృత్రిమ రబ్బరుకోసం ఆష్విట్జ్ పక్కన మోనోవిట్జ్‌లో కర్మాగారం కట్టింది. నిర్బంధశిబిరపు ఖైదీలచేత ఆ కట్టడం చేయించగా వేలమంది చనిపోయారు. ఇటాలియన్ రచయిత, రసాయన శాస్త్రజ్ఞుడు ప్రీమో లెవీ అక్కడి ఖైదీలలో ఒకడు. ఇంతమంది చచ్చినా ఆ కర్మాగారంలో రబ్బరు తయారే కాలేదు.

అమెరికాలో 1906 ప్రాంతంలోనే ‘వర్జీనియా’ యుద్ధనౌక ఫిరంగులను తిప్పడానికి నీటికి బదులు నూనె వాడారు. రెండవ ప్రపంచయుద్ధంనాటికి నూనె ప్రతి విమానంలోకీ, ప్రతి శకటంలోకీ వచ్చింది. అప్పుడు చలి పెద్ద శత్రువు అయింది. నూనె వేడికి పలచబడుతుంది, చలికి చిక్కబడుతుంది. ఈ మార్పు ఎంత తక్కువైతే నూనె అంత మంచిది. దీనిని కొలవడానికి 1929లో డీన్, డేవిస్ అనే అమెరికన్లు ఒక కొలబద్ద తయారుచేశారు. పెన్సిల్వేనియా నూనెను 100గా, గల్ఫ్ తీరపు నూనెను సున్నగా పెట్టుకుని తక్కిన నూనెలను ఆ రెంటితో పోల్చారు. పాలీమెథాక్రిలేటు అనే పొడవాటి అణువులను కొద్దిగా కలిపితే ఈ మార్పు బాగా తగ్గుతుందని రోమ్ అండ్ హాస్ సంస్థ కనిపెట్టింది. ఆ అణువు చలిలో ముడుచుకుని వుంటుంది. వేడిలో విప్పారి నూనెను మరీ పలచబడనివ్వదు. 1941-42 చలికాలంలో మాస్కో ముందర జర్మన్ ఫిరంగుల ద్రవాలూ, వాహనాల నూనెలూ బిగుసుకుపోయాయి. నాజీలను ఓడించింది చలి అని వాదించేవారున్నారు. అది నిజం కాదు. చలి ఇద్దరికీ ఒకటే. కొద్దివారాలలో గెలుస్తామనే దురహంకారంతో చలికి సిద్ధపడని సైన్యాన్ని, సిద్ధపడిన ప్రజలు ఓడించారు.

యుద్ధానంతరం అమెరికన్ సైన్యం వాడిన ఎర్రనూనె ‘మిల్-హెచ్-5606’ ఇట్లా పుట్టిన సంప్రదాయంలోనిది. పలచని శిలాతైలం, అందులో పాలీమెథాక్రిలేటు, అరుగుదలను ఆపే ఫాస్ఫేటు, ఎర్రరంగు. సున్నకు దిగువ 54 డిగ్రీల చలిలోకూడా ప్రవహిస్తుంది. తుప్పునుంచి కాపాడే మందు కలిపిన దాని తోబుట్టువు ‘మిల్-హెచ్-6083’ టాంకులలోకి వెళ్లింది. రెండింటికీ ఒకటే లోపం. చలిలో పారడానికి నూనెను పలచబరిచారు. పలచని నూనె తేలికగా అంటుకుంటుంది. ఇత్తడి గిన్నెలో నూనెను వేడిచేస్తూ చిన్న మంటను పైనుంచి జరుపుతూపోతే, ఆవిరి భగ్గుమనే ఉష్ణోగ్రతను జ్వలనస్థానం అంటారు. ఈ నూనెలకు అది 82 డిగ్రీలకు తగ్గకపోతే చాలునన్నారు. నీరు మరిగే వేడికంటే అది తక్కువ. పైగా ఒత్తిడిలోవున్న గొట్టం పగిలితే నూనె ధారగా రాదు, పొగమంచులా చిమ్ముతుంది. ఆ తుంపరకు ఆ 82 డిగ్రీలుకూడా అక్కరలేదు. ఒక నిప్పురవ్వ చాలు.

5

ఈ ప్రమాదం ఎవరికీ తెలియనిది కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలంలోనే అమెరికన్ నౌకాదళ పరిశోధనశాల నీరు, గ్లైకాల్ కలిపి సులభంగా మండని ద్రవం తయారుచేసింది. 1940ల చివర డగ్లస్, మోన్‌సాంటో సంస్థలు ‘స్కైడ్రాల్’ అనే ఫాస్ఫేటు ద్రవాన్ని పౌరవిమానాలకోసం రూపొందించాయి. టిక్కెట్టు కొన్న ప్రయాణీకుడు ఎక్కే విమానంలో మంటను తట్టుకునే నూనె వచ్చింది. టాంకులో కూర్చున్న సిపాయి పక్కన ఎర్రనూనె అట్లాగే వుండిపోయింది.

దీనికి సాంకేతిక కారణాలు లేకపోలేదు. వాటిని దాచిపెట్టడం మన వాదానికి బలం కాదు. స్కైడ్రాల్ నైట్రైల్ రబ్బరును చెడగొడుతుంది, రంగును కరిగిస్తుంది, కంటిలో పడితే భరించలేని మంట. నీరు కలిసిన ద్రవం తీవ్రమైన చలికి, ఎక్కువ వేడికి నిలవదు. వేలాది శకటాలలో బిరడాలన్నీ మార్చాలి. అయినా కష్టం అనే మాటకు అర్థం ఎవరికోసం, ఎంత ఖర్చుకు అన్నదానిమీద ఆధారపడి వుంటుంది.

గనికార్మికుల విషయం చూడండి. 1956 ఆగస్టు 8న బెల్జియంలో మార్సినెల్ దగ్గర బొగ్గుగనిలో బొగ్గుబండి ఒకటి పంజరంలాంటి లిఫ్టులో సరిగా ఇమడక బయటికి పొడుచుకువచ్చింది. లిఫ్టు కదలగానే అది తగిలి నూనెగొట్టం, విద్యుత్తు తీగలు, గాలిగొట్టం తెగిపోయాయి. నూనెకు నిప్పంటుకున్నది. 262 మంది చనిపోయారు. అందులో 136 మంది ఇటాలియన్లు. 1946లో ఇటలీ, బెల్జియం ప్రభుత్వాల మధ్య మనుషులకు బదులుగా బొగ్గు అనే పద్ధతిలో జరిగిన ఒప్పందంకింద వలసవచ్చినవారు వాళ్లు. కార్మికసంఘాల ఒత్తిడి, ప్రజల ఆగ్రహం తరువాత గనులలో మండని ద్రవాలకు నియమాలు, పరీక్షలు యూరప్ దేశాలు ఉమ్మడిగా తయారుచేసుకున్నాయి. విజ్ఞానం అంతకుముందే వున్నది. దానిని నియమంగా మార్చింది 262 శవాలు, వాటివెనుక నిలిచిన వుద్యమం.

టాంకుల విషయంలో ఆ పని 1973 అక్టోబరు యుద్ధం చేసింది. అమెరికా ఇచ్చిన ఎం-48, ఎం-60 టాంకులతో ఇజ్రాయెల్ సైన్యం సినాయి ఎడారిలో పోరాడింది. ఈజిప్షియన్ పదాతి సైనికులు క్షిపణులతో కొట్టినప్పుడు బురుజు గొట్టాలు తెగి, చదరపు అంగుళానికి వెయ్యిపౌన్ల స్థాయి ఒత్తిడిలోవున్న ఎర్రనూనె చిమ్మి మంటలు లేచాయి. టాంకు కవచాన్ని చీల్చిన దెబ్బకు బతికినవారుకూడా ఆ మంటకు కాలిపోయారు. తన టాంకులన్నిటిలోనూ అదే నూనె వున్నదని అమెరికన్ సైన్యం అప్పుడు గమనించవలసివచ్చింది. ఆ దశాబ్దంలోనే ‘మిల్-హెచ్-46170’ అనే కొత్త స్పెసిఫికేషను వచ్చింది.

కొత్తనూనెకు మూలం శిలాతైలం కాదు, పాలీఆల్ఫాఓలిఫిన్. డెసీన్ అనే చిన్న అణువులను రెండు మూడు చొప్పున కలిపి కట్టిన కృత్రిమ నూనె ఇది. అణువులన్నీ దాదాపు ఒకే పరిమాణంలో వుంటాయి గనుక ముందుగా ఆవిరయ్యే తేలికభాగం ఇందులో లేదు. జ్వలనస్థానం 218 డిగ్రీలకు తగ్గకూడదన్నారు. కాని ఈ నూనె రబ్బరును వుబ్బించడానికి బదులు కుదిస్తుంది. బిరడా కుదిస్తే నూనె కారుతుంది. అందుచేత వుబ్బించే ఎస్టరును కొంత కలిపారు. తుప్పుకు బేరియం లవణం, అరుగుదలకు ఫాస్ఫేటు చేర్చారు. ఇక పరీక్షలు: రబ్బరుముక్కను వేడినూనెలో రోజులతరబడి నానబెట్టి కొలవడం, ఉక్కుపలకలను తేమగదిలో వేలాడదీసి తుప్పును వెదకడం, మూడు ఉక్కుగోళీలమీద నాలుగవదానిని నొక్కి తిప్పి, అరిగిన మచ్చను సూక్ష్మదర్శినిలో చూడడం, చివరకు నూనెడబ్బాలమీదికి నిప్పుగుండ్లు పేల్చి, అంటుకున్నదా, అంటుకుంటే తనంతట ఆరిందా అని గమనించడం.

మంటమీద గెలిచారు గాని చలిదగ్గర లొంగవలసివచ్చింది. సున్నకు దిగువ 40 డిగ్రీలవద్ద పాతనూనెకు అనుమతించిన చిక్కదనం 800 సెంటిస్టోకులు, కొత్తదానికి 2600. అంటే మూడురెట్లకు పైగా. ధ్రువప్రాంతపు చలిలో బురుజు మందకొడిగా తిరుగుతుంది. అసలు మండనే మండని క్లోరిన్, ఫ్లోరిన్ ద్రవాన్ని కూడా 1970, 80లలో ప్రయత్నించారు. అది నూనెకు దాదాపు రెట్టింపు బరువు, ఖరీదు చాలా ఎక్కువ, పాత బిరడాలకు పనికిరాదు. వదిలేశారు. జర్మన్ లెపర్డ్-2 ఎ5, ఇజ్రాయెల్ మెర్కవా-3 వంటి టాంకులు చివరకు బురుజునుంచి నూనెనే తీసివేసి విద్యుత్తుతో తిప్పాయి. నూనె సమస్యకు అసలు పరిష్కారం నూనె లేకపోవడమే అయింది.

6

పట్టికలో మరొక చిన్న నియమం వున్నది. అరుగుదలను ఆపడానికి కలిపే ట్రైక్రెసైల్ ఫాస్ఫేటులో ‘ఆర్థో’ రకం నూటికి ఒక పాలు మించకూడదు. ఎందుకు? ఆ రకం నరాలను చంపుతుంది. 1930లో అమెరికాలో మద్యనిషేధకాలపు అల్లం సారాలో దీనిని కల్తీచేస్తే వేలాదిమంది పేదల కాళ్లు చచ్చుబడ్డాయి. 1940 జూలైలో స్విస్ సైనికులు మరతుపాకీని చల్లబరిచే నూనెను వంటనూనె అనుకుని జున్నురొట్టెలు వేయించుకుతిన్నారు. సుమారు 80 మంది పక్షవాతానికి గురయ్యారు. 1959లో మొరాకోలో అమెరికన్ వైమానిక స్థావరం మిగులుగా అమ్మివేసిన విమాన ఇంజను నూనెను వ్యాపారులు వంటనూనెలో కలిపారు. మెక్నెస్ పట్టణంలోనూ చుట్టుపక్కలా సుమారు 10,000 మందికి కాళ్లుచేతులు పడిపోయాయి. చౌకనూనె కొన్నవారు గనుక వారిలో అత్యధికులు బీదలు. 1988లో కలకత్తా బెహాలాలో ఇదే విషం ఆవనూనెలో కలిసి వందలమందిని కుంటివారిని చేసింది.

ఇక్కడ నియమాలు ఎట్లా పనిచేశాయో గమనించాలి. నూనెలో ఏముండాలో స్పెసిఫికేషను చెప్పింది. డబ్బా స్థావరం గేటు దాటినతరువాత ఎవరిచేతికి పోవాలో చెప్పలేదు. సైన్యానికి అది మిగులు, వర్తకునికి లాభం, మెక్నెస్ కూలికి పక్షవాతం.

7

దీనినిబట్టి తేలేది ఏమిటి? విజ్ఞానం పాలకవర్గాల కుట్ర అని కొందరు అంటారు. అట్లా అనడం తేలిక. కాని గోళీలమీది మచ్చను కొలిచిన పరిశోధకుని శ్రద్ధ అబద్ధం కాదు. 82ని 218కి పెంచిన కృషి ఎందరి చర్మాన్నో కాపాడింది. విజ్ఞానం వర్గాతీతమైనది, దానిని దానిపనికి వదిలెయ్యాలని మరికొందరు అంటారు. అట్లా వదిలేస్తే గని కాలినదాకా, టాంకు కాలినదాకా ప్రయోగశాలలోని ద్రవం ప్రయోగశాలలోనే వుండిపోతుందని మార్సినెల్, సినాయి రుజువు చేశాయి. ప్రకృతినియమాలు ఎవరికీ పక్షపాతం చూపవు. ఏ నియమాన్ని ఎవరి రక్షణకు వుపయోగించాలో నిర్ణయించేది మాత్రం సమాజమే.

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. 1984లో ఎద్దుమైలారంలో ఏర్పడిన ఆర్డినెన్సు ఫ్యాక్టరీలో తెలుగు కార్మికులు పదాతిదళ పోరాటశకటాలు తయారుచేస్తూ వచ్చారు. 2021లో దేశంలోని ఆర్డినెన్సు ఫ్యాక్టరీలను కంపెనీలుగా మార్చినప్పుడు, సమ్మెలను నిషేధించే అధికారాన్ని ప్రభుత్వం చట్టంద్వారా తీసుకున్నది. నూనెను వంచిపోసే చెయ్యి ఎవరిదో, ఆ నూనెగురించి మాట్లాడే హక్కు వారికి వుండాలా అక్కరలేదా అన్నది ఆనాటి న్యూకాసిల్ ప్రశ్నే.

మన విజ్ఞానశాస్త్ర విద్యార్థులు పాస్కల్ సూత్రం నేర్చుకుంటారు, పరీక్షలో రాస్తారు. ఉపాధ్యాయులు ఆ పాఠం చెప్పే రోజున మార్సినెల్‌లోని 262 అనే అంకెను కూడా నల్లబల్లమీద రాయాలి. నల్లగొండ చెలకలోని ఆముదపు మొక్కనూ గుర్తుచెయ్యాలి. మూసివున్న పాత్రలో ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పోతుందన్నది ద్రవాల విషయంలో నిజం. సమాజంలో అట్లా జరగదని, అది ఎప్పుడూ అడుగున వున్నవారిమీదికే పోతుందని తెలిసిన విద్యార్థి, రేపు ప్రయోగశాలలో కూర్చున్నప్పుడు, ఈ పట్టికలో ఎవరిపేరు లేదు అని అడుగుతాడు. ఆ ప్రశ్న అడగగల శాస్త్రజ్ఞులను తయారుచెయ్యడం మన పాఠశాలల పని.